హెడ్మాస్టారింటి సిస్టమ్‌కి ఏ యాంటీవైరస్? ఒక కేస్ స్టడీ

తెనాలిలో రిటైరైన హెడ్మాస్టారి ఇల్లు. ఇంట్లో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్, వాడేది ముగ్గురు. మాస్టారు బ్యాంకు పనులు, పెన్షన్ వివరాలు, పొద్దున్నే ఈ-పేపర్లు చూసుకుంటారు. కోడలు ఇంటి దగ్గరే డీటీపీ చేస్తుంది. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, చుట్టుపక్కల స్కూళ్ల ప్రశ్నపత్రాలు ఆమె దగ్గరికి వస్తాయి. ఇంటర్ చదివే మనవడు రాత్రిళ్లు గేములు ఆడతాడు. కొడుకు ఉద్యోగం దుబాయ్‌లో. అక్కడి నుంచే అప్పుడప్పుడు రిమోట్‌లో సిస్టమ్ చూసి సలహా ఇస్తుంటాడు.

వాళ్లు నా కంప్యూటర్ షాపుకి వచ్చింది ఒక యాంటీవైరస్ బాక్సు కొనుక్కుని వెళ్దామని. మాస్టారు ఓ కాగితం మీద పేర్లు, ధరలు వరసగా రాసుకొచ్చారు. కొడుకు చెప్పింది ఒక విదేశీ కంపెనీది, అయిదు పరికరాలకి పనికొచ్చే పెద్ద ప్యాకేజీ. పక్కింటాయన చెప్పింది ఇంకొకటి. జిరాక్స్ షాపు కుర్రాడు ఒక ఉచిత యాంటీవైరస్ అప్పటికే వేసిపెట్టాడు. మనవడు మాత్రం ఏదీ వద్దన్నాడట, గేమ్ స్లో అవుతుందని. "వీటిలో ఏది మంచిది నాయనా, అదే ఇచ్చెయ్" అన్నారు మాస్టారు.

నేనూ బాక్సులు అమ్ముతాను. అమ్మితే నాకు కొంత మిగులుతుంది కూడా. అయినా ఆ సిస్టమ్ చూడకుండా ఏదీ ఇవ్వదలచుకోలేదు. ఇంటి కంప్యూటర్‌కి యాంటీవైరస్ ఎంచుకునేటప్పుడు కంపెనీ పేరుకంటే ముందు తేలాల్సిన విషయం ఒకటుంది. ఆ ఇంట్లోకి బయటి ఫైళ్లు ఏ దారిన వస్తున్నాయి, వాటిని ఎవరు తెరుస్తున్నారు? అది తెలియకుండా ఎంత ఖరీదైనది వేసినా, ఇంట్లోవాళ్లే దాన్ని పక్కకి నెట్టేసే పరిస్థితి వస్తుంది. ఈ ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. సీపీయూ తెప్పించమన్నాను.

వాళ్లు చెప్పిన ఇబ్బందులు

మూడు చెప్పారు. సిస్టమ్ ఆన్ అవడానికే చాలాసేపు పడుతోంది. తెర కింద కుడిమూల "మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యూ చేయండి" అని ఎర్రగా డబ్బాలు వచ్చి పడుతున్నాయి. మూడోది కోడలు చెప్పింది. "అన్నయ్యగారూ, డిజైన్లు పెట్టుకునే నా ఫేస్‌బుక్ పేజీలో ఎవరో వేరేవాళ్ల ప్రకటనలు పెడుతున్నారు. ఓటీపీ పెట్టుకున్నా కదా, ఎలా వెళ్లారో అర్థం కావడం లేదు."

నొక్కకుండా ఊరుకుంటే మొదటి రెండింటితో విసుగు తప్ప పెద్ద నష్టం లేదు. అసలు ప్రమాదం మూడోది. కానీ ఇంట్లో అందరూ రెండోదాన్ని చూసే భయపడుతున్నారు, దానికి మందుగానే బాక్సు కొనాలనుకుంటున్నారు.

ఆ ఎర్ర డబ్బాల సంగతి ముందు చెప్పేస్తాను. వైరస్ అనుకుని నా షాపుకి వచ్చే సిస్టమ్‌లలో చాలావాటికి ఉన్నది ఇదే జబ్బు. ఏదో సైటులో "నోటిఫికేషన్లు పంపమంటారా?" అని అడిగినప్పుడు తెలియక అనుమతి నొక్కేస్తారు. ఆ రోజు నుంచి క్రోమ్ ద్వారా ఆ సైటు తనకి ఇష్టమొచ్చిన బొమ్మలు పంపుతుంది. పేరున్న యాంటీవైరస్ కంపెనీల లోగోలు పెట్టి, గడువు తీరిందని, అయిదు వైరస్‌లు దొరికాయని భయపెడుతుంది. నొక్కితే డబ్బు కట్టే పేజీకో, ఫోన్ నంబరు ఉన్న పేజీకో తీసుకెళ్తుంది. ఆ నంబరుకి ఫోన్ చేస్తే రిమోట్ యాప్ వేయించి బ్యాంకు ఖాతాలోకి దిగేవాళ్లు ఉంటారు. దీనికి ఏ యాంటీవైరస్సూ అక్కర్లేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, తెలియని సైట్లన్నిటినీ తీసేయడమే. ఎవరైనా అప్పటికే ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుని ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బుని దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

విప్పి చూస్తే

ఏడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. కొన్నప్పుడు కంపెనీ సిస్టమే. విండోస్ 10తో వచ్చింది. తర్వాత ఎప్పుడో హ్యాంగ్ అవుతోందని ఒకచోట ఇస్తే ఫార్మాట్ కొట్టి, క్రాక్ చేసిన, అంటే లైసెన్స్ లేకుండా దొంగతనంగా నడిచే, విండోస్ ప్రో వేసి ఇచ్చారు.

అందులో రెండు యాంటీవైరస్‌లు నడుస్తున్నాయి. ఒకటి జిరాక్స్ షాపు కుర్రాడు వేసిన ఉచితమైనది. రెండోది ఇంకో సాఫ్ట్‌వేర్‌తోపాటు చెప్పాపెట్టకుండా దిగిన ట్రయల్, దానికి గడువు కూడా తీరిపోయింది. విండోస్‌లో ఏ ఫైలు తెరిచినా, కాపీ చేసినా, యాంటీవైరస్ మధ్యలో ఆపి చూసి వదులుతుంది. రెండుంటే ప్రతి ఫైలునీ రెండు చోట్ల ఆపుతారు, పైగా ఒకదాని పనిని ఇంకొకటి అనుమానిస్తుంది. 4 జీబీ ర్యామ్, తిరిగే డిస్క్ ఉన్న సిస్టమ్ దీన్ని మోయలేదు. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే నిలబడి ఉంది. "రెండు ఉంటే రెండింతల రక్షణ కదా" అని మాస్టారు అడిగారు. చాలామంది అడిగేదే. రెండుంటే రక్షణ పెరగదు, సిస్టమ్ మాత్రం సగానికి పడిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. విండోస్‌తోపాటే వచ్చే డిఫెండర్ పనికిరాదని ఆ ఇంట్లో గట్టి నమ్మకం. "అది ఉన్నప్పుడే కదా వైరస్ వచ్చింది, అందుకేగా వేరేది వేయించాం" అన్నాడు కొడుకు ఫోన్లో. నేను డిఫెండర్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌క్లూజన్స్ జాబితా తెరిచాను. ఇవి చూడొద్దు అని యాంటీవైరస్‌కి చెప్పిన చోట్ల జాబితా అది. అందులో ఒకే ఒక్క పేరుంది: విండోస్ ఉండే సీ డ్రైవ్ మొత్తం.

విండోస్‌ని దొంగతనంగా యాక్టివేట్ చేసే పనిముట్లలో చాలావాటి అలవాటు ఇది. తమను యాంటీవైరస్ పట్టుకోకుండా ముందు ఎక్స్‌క్లూజన్ రాసేస్తాయి, తర్వాత పని మొదలుపెడతాయి. పని అయ్యాక ఆ రాత అలాగే మిగిలిపోతుంది. తర్వాత ఎవరు లోపలికి వచ్చినా డిఫెండర్ కళ్ల ముందు నుంచే వెళ్తారు, అది పట్టించుకోదు. పట్టించుకోవద్దని దానికి చెప్పింది మనమే. ఇలాంటి సిస్టమ్‌ని చూసి డిఫెండర్ చేతగానిదని తీర్పు చెప్పడం అన్యాయం. మీ ఇంటి సిస్టమ్‌లో ఈ జాబితా ఇప్పుడే తెరిచి చూడండి: విండోస్ సెక్యూరిటీ, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, కిందికి వస్తే ఎక్స్‌క్లూజన్స్. మీరు పెట్టని పేరు అక్కడుంటే ఎవరో మీ తరఫున పెట్టారన్నమాట.

ఇక ఫేస్‌బుక్ పేజీ. హార్డ్ డిస్క్ తీసి షాపులో వేరే సిస్టమ్‌కి తగిలించి స్కాన్ చేశాను. అలా చేస్తే ఆ డిస్క్‌లోని విండోస్ నడవదు కాబట్టి దానికున్న ఎక్స్‌క్లూజన్లూ పనిచేయవు, దాక్కున్నవి దొరుకుతాయి. మనవడి డౌన్‌లోడ్స్‌లో ఒక గేమ్ క్రాక్, దాని నుంచి దిగిన స్టీలర్ జాతి ప్రోగ్రామ్ ఒకటి బయటపడ్డాయి. స్టీలర్ ఫైళ్లని పాడుచేయదు, తెర మీద కనబడదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు మూటగట్టి బయటికి పంపేసి ఊరుకుంటుంది. మనం ఒకసారి లాగిన్ అయ్యాక మళ్లీ మళ్లీ అడగకుండా బ్రౌజర్ దగ్గర ఉండే గుర్తు కుకీలో ఉంటుంది. అది చేతికొస్తే దొంగకి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు, అప్పటికే లాగిన్ అయి ఉన్న మనిషిలా లోపలికి వెళ్తాడు. కోడలికి అంతుపట్టని ప్రశ్నకి జవాబు ఇదే.

మరి అప్పటికి ఉచిత యాంటీవైరస్ నడుస్తోంది కదా, అదెందుకు ఆపలేదు? బాబుని కూర్చోబెట్టి మెల్లగా అడిగాను. కోప్పడితే పిల్లలు చెప్పరు. క్రాక్ జిప్ ఫైలుగా వచ్చిందని, దానికి పాస్‌వర్డ్ ఉందని, ఆ పాస్‌వర్డ్ సైటులోనే రాసి ఉందని చెప్పాడు. పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లోకి యాంటీవైరస్ తొంగిచూడలేదు, అందుకే దొంగలు అలా కడతారు. సైటులో ఇంకో మాట కూడా ఉందట: "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి, అది తప్పుగా వైరస్ అంటుంది." ఆపాడు. అయిపోయింది. ఆ క్షణంలో లోకంలోని ఏ యాంటీవైరస్ ఉన్నా ఫలితం మారేది కాదు. ఆపడానికి కావలసిన అధికారం పదహారేళ్ల పిల్లాడి చేతిలో ఉంది, ఎందుకంటే ఇంట్లో అందరూ వాడేది సిస్టమ్‌లో ఏదైనా మార్చగల ఒకే అడ్మిన్ ఖాతా.

ముందు ఫోన్లో పని

సిస్టమ్ శుభ్రం చేయడానికి ముందే ముగ్గురి పాస్‌వర్డ్‌లూ మార్పించాను, ఫోన్లలో. మార్చాల్సిన వరస కూడా ముఖ్యం. మొదట ఈమెయిల్, ఎందుకంటే మిగతా ఖాతాలన్నిటి తాళంచెవులూ దానికే వస్తాయి. తర్వాత బ్యాంకు. తర్వాత ఫేస్‌బుక్. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే చాలదు, అన్ని పరికరాల నుంచీ లాగ్ అవుట్ చేయించాలి. అప్పుడే దొంగ దగ్గరున్న పాత కుకీ చెల్లకుండా పోతుంది. గూగుల్ ఖాతాలోనూ ఫేస్‌బుక్‌లోనూ ఎక్కడెక్కడ లాగిన్ అయి ఉందో చూపించే జాబితా ఉంటుంది. కోడలి ఫేస్‌బుక్ జాబితాలో ఆమెకి సంబంధం లేని ఊరు ఒకటి కనిపించింది. మాస్టారి బ్యాంకు ఖాతా జోలికి ఎవరూ వెళ్లలేదు. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌ని ఆయన బ్రౌజర్‌లో దాచే అలవాటు లేకపోవడం ఆ కుటుంబాన్ని కాపాడింది. డైరీలో రాసుకునే పద్ధతిని ఆయన కొడుకు వెక్కిరించేవాడట. ఇంట్లో బీరువాలో ఉండే డైరీ, ఈ సందర్భంలో, బ్రౌజర్ కంటే చాలా భద్రం.

ఎంపిక ఎలా చేశాం

మాస్టారి కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం, కొడుకు వీడియో కాల్‌లో.

ముందుగా పరీక్షల సంగతి చెప్పాను. యాంటీవైరస్‌లని స్వతంత్రంగా పరీక్షించే సంస్థలున్నాయి. జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్, లండన్‌లో ఎస్ఈ ల్యాబ్స్. వీటి ఫలితాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఏవీ-టెస్ట్ రక్షణకి 6, వేగానికి 6, అనవసరపు అలారాలు మోగించకపోవడానికి 6, మొత్తం 18 మార్కులు వేస్తుంది. కొన్నేళ్లుగా డిఫెండర్ అక్కడ పైవరస మార్కులే తెచ్చుకుంటోంది. 2010 ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ ఉచిత యాంటీవైరస్ మీద ఏర్పడిన చులకన భావం ఇప్పటికీ జనంలో ఉంది, కానీ దానికిప్పుడు ఆధారం లేదు. పైవరసలో ఉన్న వాటి మధ్య మార్కుల తేడా చాలా చిన్నది. ఆ చిన్న తేడా కోసం ఒక ఇల్లు డబ్బు ఖర్చుపెట్టాలా అన్నదే నా ప్రశ్న.

డిఫెండర్‌కి లోపాలు లేవనను. అది ఇంటర్నెట్‌లోని మైక్రోసాఫ్ట్ సర్వర్లని అడిగి తేల్చుకునే పద్ధతి మీద బాగా ఆధారపడుతుంది. నెట్ లేకుండా పరీక్షిస్తే దాని పట్టు సడలుతుంది, ఏవీ-కంపారిటివ్స్ ఫలితాల్లో ఇది స్పష్టంగా కనబడుతుంది. పల్లెటూళ్లో నెట్ ఉండీ లేనట్టుండి, రోజంతా ఎవరెవరి పెన్‌డ్రైవులో పెట్టే సిస్టమ్ అయితే నేను డిఫెండర్ ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పను. అలాంటిచోట మన దేశపు కంపెనీలే ఉన్నాయి, పుణె క్విక్ హీల్, చెన్నై కె7. కె7 పాత సిస్టమ్‌ల మీద తేలిగ్గా నడుస్తుంది. ఇబ్బంది వస్తే ఫోన్లో మాట్లాడే మనిషి కావాలనుకునే పెద్దవాళ్లకి కూడా డబ్బు కట్టి కొన్నది నయం.

ఉచిత యాంటీవైరస్ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. డిఫెండర్ ఎలాగూ ఉచితమే అయినప్పుడు, ఇంకో ఉచితమైనది తెచ్చి దాని ప్రకటనలు భరించడంలో అర్థం లేదు. ప్రకటనలతో ఆగినా బాగుండేది. ఉచిత యాంటీవైరస్ ఇచ్చే అవాస్ట్ కంపెనీ తన వినియోగదారుల బ్రౌజింగ్ వివరాలని జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిన సంగతి బయటపడి, 2020 జనవరిలో ఆ సంస్థని మూసేయాల్సి వచ్చింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ వ్యవహారంలో 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. మన ప్రతి ఫైలునీ, ప్రతి పేజీనీ చూసే అధికారం మనం యాంటీవైరస్‌కి ఇస్తాం. ఆ అధికారం ఎవరి చేతిలో పెడుతున్నామో ఆలోచించి తీరాలి.

కొడుకు చెప్పిన పెద్ద ప్యాకేజీలో వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్, సిస్టమ్ శుభ్రం చేసే పనిముట్లు అన్నీ ఉన్నాయి. ఈ ఇంట్లో వాటిని వాడేవాళ్లెవరూ లేరు. మొదటి ఏడాది ధర చూసి కొంటే రెండో ఏడాది రెన్యువల్ ధర చాలా ఎక్కువ, అది కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన దేశపు కార్డు అయితే, ఇలా రెన్యువల్‌కి తనంతట డబ్బు కోసే ముందు కనీసం 24 గంటలకి సందేశం రావాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది, 2021 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. కొడుకు వాడబోయింది దుబాయ్ కార్డు, దానికి ఇది వర్తించదు.

కొడుకు ఒక మంచి ప్రశ్న వేశాడు. "డబ్బు కట్టినదాన్ని అయితే పిల్లాడు ఆపలేడు కదా అన్నా, పాస్‌వర్డ్ పెట్టొచ్చుగా?" పెట్టొచ్చు. కొన్నిటిలో ఆ సదుపాయం ఉంది. కానీ విండోస్‌లోనే పిల్లాడికి అడ్మిన్ కాని మామూలు ఖాతా ఇస్తే, డిఫెండర్‌ని ఆపడమే కాదు, కొత్త సాఫ్ట్‌వేర్ సిస్టమ్ లోతుల్లోకి దించడం కూడా అతని వల్ల కాదు. పైసా ఖర్చు లేదు. అక్కడితో చర్చ తేలిపోయింది. డిఫెండర్ ఉంచుదాం, యాంటీవైరస్‌కి పెడదామనుకున్న డబ్బుతో ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్), ఇంకో 4 జీబీ ర్యామ్, బ్యాకప్‌కి ఒక బయటి హార్డ్ డిస్క్ కొందాం అన్నాను. ఆ డబ్బుకి ఇంకాస్త కలపాల్సి వచ్చింది, మాస్టారు సరేనన్నారు.

చేసిన పని

స్టీలర్ దిగిన సిస్టమ్‌ని, అందులోనూ క్రాక్ విండోస్ ఉన్నదాన్ని, స్కాన్ చేసి శుభ్రమైందని చెప్పే ధైర్యం ఎవరూ చేయకూడదు. ఫొటోలు, డాక్యుమెంట్లు, కోడలు డీటీపీకి వాడే పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రం వేరే చోటికి తీశాను. ప్రోగ్రామ్ ఫైలు ఒక్కటి కూడా తేలేదు. ఎస్ఎస్‌డీ బిగించి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించిన విండోస్ వేశాను.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. విండోస్ 8 కాలం నుంచి, విండోస్‌తో అమ్మిన కంపెనీ సిస్టమ్‌లకి అసలు లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే రాసి ఉంటుంది. మళ్లీ అదే ఎడిషన్ వేస్తే ఆ కీని విండోస్ తనే చదువుకుని, నెట్ కలపగానే యాక్టివేట్ అవుతుంది. ఈ సిస్టమ్‌కి వచ్చింది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. కొన్న రోజే మాస్టారు దానికి డబ్బు కట్టారు. తన సొంత లైసెన్స్ పెట్టెలో ఉండగా ఇన్నాళ్లూ క్రాక్ మీద బతికారు, ఆ క్రాకే ఇంటి తలుపు తెరిచి పెట్టింది. "ప్రో వేశాం సార్" అని ఎవరైనా గొప్పగా చెబితే, నా లైసెన్స్ దేనికి ఉందో అదే వేయమని అడగండి.

ఈ ప్రాసెసర్‌కి విండోస్ 11 అధికారికంగా కుదరదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ సింక్ చేసుకుంటే అదనపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకు ఉచితంగా వస్తాయి. అందుకే అడ్మిన్ ఖాతాని మాస్టారి మైక్రోసాఫ్ట్ ఖాతాతో పెట్టి నమోదు చేశాను. డిఫెండర్‌కి కొత్త వైరస్‌ల సమాచారం విండోస్ 10లో 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అది విని "అయితే అప్పటిదాకా ఫర్వాలేదు" అనుకోకూడదు. 2017 మేలో ఫైళ్లకి తాళమేసే వాన్నాక్రై వైరస్ లోకమంతా తిరిగినప్పుడు అది వచ్చిన కంతకి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే అప్‌డేట్ ఇచ్చి ఉంది. వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని సహా. గోడకి కన్నం ఉంటే గుమ్మం దగ్గర ఎంత మంచి కాపలావాడు ఉన్నా ప్రయోజనం లేదు.

డిఫెండర్‌లో, దాని సెట్టింగ్స్‌ని వేరే ప్రోగ్రామ్‌లు మార్చకుండా కాపాడే ట్యాంపర్ ప్రొటెక్షన్, అనవసరపు యాప్‌లని ఆపే సెట్టింగ్ ఆన్‌లో ఉన్నాయని చూసుకున్నాను. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ మొదట ఆఫ్‌లో ఉంటుంది, దాన్ని ఆన్ చేశాను. తెలియని ప్రోగ్రామ్ డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్ల మీద రాయబోతే ఇది ఆపేస్తుంది, ఫైళ్లకి తాళమేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్‌కి అడ్డుకట్ట. ఫైలు పేర్ల చివరి అక్షరాలు కనబడేలా పెట్టాను. పీడీఎఫ్ అనుకుని ఈఎక్స్ఈ (ప్రోగ్రామ్ ఫైలు) నొక్కకుండా ఉండటానికి ఇంతకన్నా చవకైన రక్షణ లేదు. క్రోమ్‌లో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ వేశాను.

ఖాతాలు నాలుగు. అడ్మిన్ ఖాతా పాస్‌వర్డ్ మాస్టారికి మాత్రమే తెలుసు, రోజువారీ పనికి ఆయనకీ మామూలు ఖాతానే. కోడలికి ఒకటి, మనవడికి ఒకటి.

డీటీపీ చిక్కు

అన్నిటికంటే కష్టమైనది ఇదే. తెలుగు డీటీపీ ఇళ్లలో ఏ యాంటీవైరస్ వేసినా ఇదే గొడవ.

కోడలు వాడేది పేజ్‌మేకర్ 7. 2001లో వచ్చిన వెర్షన్, తర్వాత ఇంకోటి రాలేదు. దానికి తోడు తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ అను స్క్రిప్ట్, ఎవరో పెన్‌డ్రైవులో ఇచ్చిన క్రాక్ కాపీ. యాంటీవైరస్ దాన్ని పట్టుకుని, నడవకుండా విడిగా క్వారంటైన్‌లో పడేస్తుంది, మర్నాడు శుభలేఖ ఇవ్వాలి, ఫాంట్ రాదు. దాంతో ఆమె యాంటీవైరస్ ఆపేస్తుంది, లేదా ఆ ఫోల్డర్‌ని ఎక్స్‌క్లూజన్‌లో పెడుతుంది. అన్నం పెట్టే పని ఆగిపోతుంటే ఎవరైనా చేసేది అదే, ఆమెని తప్పుపట్టలేను. కానీ ఆ క్రాక్ కాపీ ఎన్ని చేతులు మారి వచ్చిందో, దారిలో ఎవరు ఏం కలిపారో చెప్పగలవాళ్లు లేరు. యాంటీవైరస్ అరిచింది క్రాక్ అయినందుకా, నిజంగా లోపల ఏదో ఉన్నందుకా అని తేల్చుకునే దారి ఆమెకి లేదు.

ఆమెతో లెక్క వేయించాను. నెలకి ఎన్ని పనులు వస్తాయి, వాటిలో అను ఫాంట్లే కావాలని అడిగేవి ఎన్ని? స్కూళ్ల ప్రశ్నపత్రాలకి ఫలానా ఫాంటే కావాలని ఎవరూ అడగరు, ఏ సిస్టమ్‌లోనైనా కనబడే యూనికోడ్ తెలుగులో వర్డ్‌లో చేసినా సరిపోతుంది. ఉచితంగా, చట్టబద్ధంగా దొరికే యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఇప్పుడు బోలెడున్నాయి. ప్రెస్సువాళ్లు పాత పేజ్‌మేకర్ ఫైలే కావాలనే శుభలేఖల పని మాత్రం మిగిలింది. దానికి లైసెన్స్ ఉన్న అను స్క్రిప్ట్ కొనమన్నాను. వారం ఆలోచించుకుని కొన్నది. ఈ మొత్తం కేసులో నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించింది ఇదే, ఎందుకంటే యాంటీవైరస్ ఆపాల్సిన అవసరం ఆ ఇంట్లో దీనితోనే పోయింది.

ఇంకో చిన్న అడ్డంకి వచ్చింది. పేజ్‌మేకర్ తన సెట్టింగ్స్‌ని తను ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్‌లోనే రాసుకునే పాతకాలపు ప్రోగ్రామ్. మామూలు ఖాతాలో తెరిస్తే ఎర్రర్ ఇచ్చి మూసుకుపోయింది. చాలామంది టెక్నీషియన్లు ఇక్కడే ఓడిపోయి "అడ్మిన్ ఇచ్చేద్దాం" అంటారు. అక్కర్లేదు. ఆ ఒక్క ఫోల్డర్‌కి రాసే అనుమతి ఇస్తే చాలు. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌లోనూ పేజ్‌మేకర్‌కి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది, లేకపోతే ఫైలు సేవ్ కాలేదు.

ఆమెకి ఫైళ్లు పెన్‌డ్రైవుల్లో కూడా వస్తాయి. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవు పెట్టగానే దానంతట ప్రోగ్రామ్ నడవడం ఆగిపోయింది, కాబట్టి ఇప్పుడు పెన్‌డ్రైవు వైరస్‌లు మన చేత్తోనే నొక్కిస్తాయి. అసలు ఫోల్డర్లని దాచేసి అదే పేరుతో షార్ట్‌కట్ పెడతాయి. ఫోల్డర్ బొమ్మ కింద మూలన చిన్న బాణం గుర్తు కనబడితే నొక్కొద్దని, కుడి క్లిక్ చేసి ముందు స్కాన్ చేయమని చూపించాను. వీలైనంతవరకు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపమని కస్టమర్లకి చెప్పమన్నాను. ఫార్మాట్ కొట్టకుండా అనుమానం తీర్చుకోవాలనుకునేవాళ్లకి కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో ఉచిత శుభ్రపరిచే పనిముట్లు దొరుకుతాయి, 2017 నుంచి ఉన్నాయి.

బ్యాకప్ సంగతి ఒక్క మాటలో చెప్పలేను. వేరే ఇంట్లో స్టాప్ అనే పేరున్న రాన్సమ్‌వేర్ తగిలిన సిస్టమ్ ఒకటి నా దగ్గరికి వచ్చింది, అది కూడా క్రాక్ సాఫ్ట్‌వేర్ ద్వారానే. కూతురి చిన్నప్పటి ఫొటోలన్నీ తాళం పడ్డాయి. నో మోర్ రాన్సమ్ అనే అంతర్జాతీయ సైటులో ఆ జాతికి విప్పే పనిముట్టు ఉంది, కానీ ఆఫ్‌లైన్ కీతో (చాలామందికి ఒకటే తాళంచెవితో) తాళం వేసిన ఫైళ్లకే ఎక్కువగా పనిచేస్తుంది. ఆ ఇంటివాళ్లవి ఆన్‌లైన్ కీతో, అంటే ఆ ఒక్క సిస్టమ్‌కే చేసిన తాళంచెవితో, వేసినవి. ఆ తల్లి ముఖం నేను మర్చిపోలేను. అందుకే మాస్టారింట్లో ప్రతి ఆదివారం బయటి డిస్క్ తగిలించి, కాపీ అవగానే పీకేసి బీరువాలో పెట్టే పని ఆయనకే అప్పగించాను. తగిలించి వదిలేస్తే దానికీ తాళం పడుతుంది.

తర్వాత

కొన్నాళ్లకి వెళ్లి చూశాను. సిస్టమ్ టీ చేతికి వచ్చేలోపు ఆన్ అవుతోంది. డిఫెండర్ ప్రొటెక్షన్ హిస్టరీలో పెన్‌డ్రైవు షార్ట్‌కట్‌లు పట్టుకున్న దాఖలాలున్నాయి. ఎక్స్‌క్లూజన్స్ జాబితా ఖాళీగానే ఉంది, నేను ముందు చూసేది అదే. ఫేస్‌బుక్ పేజీ ఆమె చేతికి తిరిగి వచ్చింది, పరాయి ప్రకటనలు మళ్లీ రాలేదు.

మనవడు ఒకసారి గేమ్ మాడ్ (గేమ్‌ని మార్చే చేర్పు) ఏదో దించాడు. ఇన్‌స్టాల్ చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. "తాతయ్యా, పాస్‌వర్డ్ కొట్టవా" అన్నాడట. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని వచ్చి, ఎక్కడ దించావు, ఎవరు చేశారు, దేనికి అని వరసపెట్టి అడిగారట. మూడో ప్రశ్నకే వాడు వద్దులే అన్నాడు. ఇప్పుడు ఆటల్ని స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ దుకాణంలో డిస్కౌంట్ పడినప్పుడు తల్లిని అడిగి కొనుక్కుంటున్నాడు.

మిగిలింది విండోస్ 10 గడువు. 2026 అక్టోబర్ వచ్చేలోపు కొత్త సీపీయూ కొనాలి, దానికి ఇప్పటి నుంచే కొంత కొంత పక్కన పెడుతున్నామని కోడలు చెప్పింది. బయటి డిస్క్ కొత్తదానికీ పనికొస్తుంది. పాత పెట్టెని నెట్ తీసేసి పేజ్‌మేకర్‌కి మాత్రమే వాడుకోమన్నాను. దాని మీద బ్యాంకు పనులు చేయొద్దని మాస్టారికి ముందే చెప్పి ఉంచాను.